పగటి నిద్ర వెనకాల రాత్రి: జూలో ఏదుపందుల జంట రోజు ఎలా గడుస్తుంది

ఏదు ముల్లు ఇంట్లో ఉంటే ఆలుమగలకు పడదని మా అవ్వ అనేది. పల్లి చేనులో దొరికిన ముల్లు ఒకటి నేను పుస్తకాల సంచిలో దాచుకుంటే, కంటపడిన రోజే తీసుకెళ్లి కంచె అవతల పారేసింది. జానెడు మించిన పొడవు, నలుపూ తెలుపూ పట్టీలు, రెండు కొసలా సన్నబడి మధ్యలో లావుగా, పట్టుకుంటే బరువే లేనట్టు. ఇంత అందమైనది ఇంట్లో కొట్లాటెందుకు పెడుతుందో నాకు అర్థం కాలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆ జంతువు గురించి చదివినప్పుడు అవ్వ మాట ఎంత తలకిందులైనదో తెలిసింది. పాలిచ్చి పెంచే జంతువుల్లో ఒకే జోడుతో ఏళ్ల తరబడి కాపురం చేసేవి చాలా తక్కువ. ఏదుపంది ఆ తక్కువలో ఒకటి.

మాది అచ్చంపేట అవతల, గుట్ట కిందున్న ఊరు. అక్కడివాళ్లకు ఏదు అంటే పల్లికాయ తవ్వుకుపోయే దొంగ. పొద్దున్నే చేనుకు పోతే తవ్విన గుంటలు, పొట్టు కుప్పలు, ఒక్కోసారి రాలిన ముల్లు కనిపిస్తాయి తప్ప మనిషి కంటికి అది పడేది అరుదు. అందుకే కిందటి చలికాలం నాయినను పట్నం జూకు తీసుకెళ్లినప్పుడు, పులినీ సింహాన్నీ దాటేసి ఆయన ఏదుపందుల దగ్గరే ఆగిపోయాడు. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. రెండు జంతువులూ నీడలో ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి. కదలిక లేదు.

"ఏందిరా, రెండు గంపలు బోర్లేసినట్ల వడున్నయి. మన చేను నాశనం జేసేటియి ఇవేనా?"

అందరూ అడిగే ప్రశ్నే అది. పక్కనున్న పిల్లలు "చచ్చిపోయాయా అంకుల్" అని ఒకరు, "జబ్బు చేసిందేమో" అని ఇంకొకరు అడిగి వెళ్లిపోయారు. వాళ్లు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మనకు కనిపించేది ఆ జంతువు రోజులో ఒక ముక్క, అదీ దాని అర్ధరాత్రి లాంటి ముక్క. ఆ ముక్కను బట్టి దాని బతుకెలా ఉందో చెప్పాలంటే ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. జూలో జంతువు చేసే ప్రతి పనిలోనూ మూడు పోగులు పెనవేసుకుని ఉంటాయి. దాని ఒంటిలోని గడియారం ఒకటి, జూవాళ్ల డ్యూటీ వేళలు ఒకటి, పక్కన జోడు ఉండటం ఒకటి. ఏ పని ఏ పోగుదో తెలియకపోతే నిద్రను జబ్బనుకుంటాం, జబ్బును హుషారనుకుంటాం.

పంది కాని పంది

పేరులో పంది ఉన్నా ఇది ఎలుకా ఉడుతా ఉన్న వర్గంలోది. మన దేశంలోని ఏదు 11 నుంచి 18 కిలోల దాకా తూగుతుంది. ఆ వర్గానికంతటికీ గుర్తు ముందరి కొరుకుడు పళ్లు, పైన రెండు, కింద రెండు. బతికినన్నాళ్లూ అవి పెరుగుతూనే ఉంటాయి. గట్టి పొర పంటి ముందు పక్కనే ఉంటుంది, వెనక పక్క మెత్తన. కొరికేకొద్దీ వెనక అరిగి ముందు అంచు ఉలిలా నిలబడుతుంది. కాబట్టి కొరకడం దానికి తిండితో ఆగిపోయే పని కాదు. మోడు దొరికితే మోడు, ఎముక దొరికితే ఎముక. అడవిలో ఏదు బొరియ ముందర పాత ఎముకలు, కొమ్ములు పోగుపడి ఉంటాయి. చూసినవాళ్లు అది మాంసం తింటుందని అనుకుంటారు. అది తినేది గడ్డలు, వేళ్లు, బెరడు, పండ్లు, గింజలు. ఎముకను కొరికేది పళ్లు అరగడానికి, సున్నం, భాస్వరం ఒంటికి అందడానికి.

ముళ్లను బాణాల్లా విసురుతుందన్న మాట కూడా నిజం కాదు. కోపమొస్తే ముళ్లు నిక్కబొడుచుకుని, తోక చివరనున్న బోలు ముళ్లను గలగలలాడించి, కాళ్లు నేలకేసి కొట్టి, వెనక్కి తిరిగి మీదికొస్తుంది. వదులుగా ఉన్న ముళ్లు అవతలిదాని ఒంట్లో దిగబడి ఊడివస్తాయి. వాటి చోట మళ్లీ కొత్తవి మొలుస్తాయి.

ఒంటిలోని గడియారం, అమాస రాత్రి

రాత్రి తిరగడం అలవాటు కాదు, కట్టడి. మెదడు అడుగున, రెండు కళ్ల నరాలు కలిసే చోటికి కొంచెం పైన, చిన్న నరకణాల గుంపు ఒకటుంటుంది. మనిషికీ ఎలుకకూ ఏదుకూ అందరికీ ఉంటుంది. కంటి నుంచి వచ్చే వెలుగు కబురును బట్టి అది రోజూ తన లెక్క సరిచేసుకుంటుంది. దాని లెక్కలో మనకు తెల్లవారితే ఏదుకు పొద్దుగూకినట్టు. ఇది కాక వెలుగు నేరుగా కూడా పనిచేస్తుంది. రాత్రి తిరిగే జంతువు మీద గబుక్కున లైటు పడితే, గడియారం తిరగమన్నా సరే, అది ముడుచుకుంటుంది.

ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలోనూ మన ఏదే ఉంది. 1980ల్లో అక్కడ రేడియో పట్టీలు కట్టి గమనించినవాళ్లు వెన్నెల రాత్రుల్లో అవి బయట తిరగడం తగ్గిస్తాయని చూశారు. ఈ సంగతి నాయినకు చెబితే ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "వెన్నెలకు కావలి లేకున్నా నడుస్తది. అమాసకే అసలు తిప్పలు" అన్నాడు. మంచె మీద బ్యాటరీ లైటు పట్టుకుని నలభై ఏళ్లు కాపలా కాసిన మనిషి లెక్క అది. జూలో ఈ సంగతికి వేరే అర్థం ఉంది. రాత్రంతా వీధిలైట్లు వెలిగే చోట ఎన్‌క్లోజర్ ఉంటే, అక్కడి జంటకు ప్రతి రాత్రీ పున్నమే. అది బయటికి రాకపోతే బద్ధకమని రాసుకుంటారు.

ఒకే వర్గంలో గడియారాలు అందరివీ ఒక్కలా ఉండవు. మన నల్లమలలోనే బెట్లుడుత అనే పెద్ద ఉడుత ఉంది, అమ్రాబాద్ అడవుల్లో పెద్ద చెట్ల కొమ్మల మీద కనిపిస్తుంది. అది పక్కా పగటి జంతువు, మిట్టమధ్యాహ్నం ఎండకు కొమ్మ మీద సాగిలపడి కునుకు తీస్తుంది. పొద్దుగూకితే గూటికి చేరుతుంది. అర్జెంటీనా మైదానాల నుంచి వచ్చి ఎన్నో జూలలో బతుకుతున్న మారా కూడా పగలే తిరుగుతుంది. కుందేలు, జింక కలిపినట్టు పొడుగు కాళ్లతో ఉంటుంది. జోడు విషయంలో ఏదుకు సాటి. ఆడది మేస్తుంటే మగది వెన్నంటే ఉండి చుట్టూ చూస్తుంటుంది. పగటి పూట వచ్చే మనకు మారా జంట సంసారం అంతా కళ్లముందే జరుగుతుంది. ఏదు జంటది అంతకంటే తక్కువ సంసారం కాదు, కనిపించే వేళ మనది కాదు, అంతే.

బకెట్టు చప్పుడు

రెండో పోగు జూది. జూ పగలు తెరుస్తారు, పనివాళ్లు పగలు వస్తారు, తిండి వాళ్ల డ్యూటీలో పెడతారు. ఎలుక వర్గం జంతువులకు తిండి రోజూ ఒకే వేళకు పెడితే, ఆ వేళకు కొంచెం ముందునుంచే అవి లేచి తిరగడం మొదలుపెడతాయని 1922లోనే కర్ట్ రిక్టర్ అనే శాస్త్రవేత్త ఎలుకల్లో గమనించాడు. తర్వాత వచ్చిన పరిశోధనలు దాన్ని గట్టిపరిచాయి. వెలుగు గడియారానికి తోడు తిండి గడియారం ఒకటి నడుస్తుందన్నమాట.

అందుకని పట్టపగలు ఏదులు బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంటే, అవి పగటి జంతువులైపోయాయని కాదు. బకెట్టు వచ్చే వేళ అయింది. తిండి మధ్యాహ్నం పెట్టే చోట చూసి ఒకరు "పగలు చురుకు" అని రాస్తారు, సాయంత్రం పెట్టే చోట చూసి ఇంకొకరు "పగలంతా నిద్ర" అని రాస్తారు. ఇద్దరూ చూసింది నిజమే, ఇద్దరూ చూసింది జూ టైంటేబులే. కొన్ని జూలలో నిశాచర జంతువులకు విడిగా చీకటిల్లు కడతారు, హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులోనూ ఒకటుంది. పగలు మసక వెలుగు, రాత్రి నిండు వెలుగు ఇచ్చి లోపలి గడియారాన్నే తిప్పేస్తారు. తిప్పడం సాధ్యమే, కాకపోతే రోజూ ఒకే వేళ తప్పకుండా నడవాలి. ఒకరోజు అటు ఒకరోజు ఇటు అయితే జంతువుకు పగలూ ఉండదు, రాత్రీ ఉండదు.

నా మటుకు నాకు ఏదుకు చీకటిల్లు కంటే పొద్దుగూకే వేళ పెట్టే తిండే మేలనిపిస్తుంది. గడియారాన్ని తిప్పకుండా, బకెట్టును గడియారం దగ్గరికి తీసుకెళ్లడం అది. గంపలో కుప్పగా పోయకుండా గెనుసుగడ్డ, క్యారెట్, మొక్కజొన్న కంకి మట్టిలో పూడ్చితే ఇంకా మంచిది. అడవిలో దాని రాత్రి చాలావరకు వాసన పట్టడంలో, తవ్వడంలో గడుస్తుంది. నెగెవ్‌లో అది తవ్విన గుంటల్లో వాన నీరు, గింజలు చేరి కొత్త మొక్కలు మొలుస్తాయని కూడా తేలింది. ఆ పనంతా తీసేసి పది నిమిషాల్లో అయిపోయే తిండి పెడితే మిగిలిన రాత్రిని అదేం చేయాలి? గోడ వెంట ఒకే దారిలో అటూ ఇటూ, అటూ ఇటూ తిరుగుతుంది. బయటినుంచి చూసేవాళ్లకు అది హుషారుగా కనిపిస్తుంది. నేలమీద ఆ దారి నున్నగా అరిగి ఉంటుంది, అదీ గుర్తు. మన దేశంలో 1992లో ఏర్పడిన కేంద్ర జూ ప్రాధికార సంస్థ జంతువుకు దాని సహజమైన పనులు చేసుకునే వీలు కల్పించాలని జూలకు చెబుతూ వస్తోంది. ఏదు విషయంలో ఆ వీలు అంటే మట్టి, మోడు, ఎముక, చీకటి డెన్. ఖరీదైనది ఒక్కటీ లేదు.

జోడు చేసే పని

ఇక మూడో పోగు. అసలు చిక్కు ఇక్కడుంది.

పడుకున్న జంటను దగ్గరగా చూడండి. ముళ్లన్నీ వెనక్కి వాలి, దువ్విన తలలా నున్నగా ఉంటాయి. ముళ్లు దించుకుంటేనే రెండు ఒళ్లు ఆనుకోగలవు. ఏదుకు ముల్లు దించడమంటే ఎదుటిదాన్ని నమ్మడం. ముఖం మీద, గొంతు కింద పొడుగు ముళ్లుండవు, గరుకు వెంట్రుకలే. ఒకటి లేచి రెండోదాని చెంపలు, మెడ పళ్లతో సున్నితంగా గీకడం అక్కడే. మేము నిలబడ్డ సేపట్లో ఆ పని ఒక్కసారే జరిగింది, నిద్రమత్తులోనే. చిన్నది తల పెద్దదాని గదవ కిందికి దూర్చింది, పెద్దది కళ్లు మూసుకునే నాలుగైదుసార్లు గీకి ఆపేసింది. నాయిన అప్పుడు మొదటిసారి కంచె మీద రెండు చేతులూ ఆనించి వంగి చూశాడు.

ఇజ్రాయెల్ పరిశోధకులు జంటగా ఉంచిన మన జాతి ఏదులనే గమనించి 1988లో ఒక వింత సంగతి ప్రచురించారు. ఈ జంటలు రోజువారీగా జతకడతాయి. ఆడది చూలుతో ఉన్నా, పిల్లలకు పాలిస్తున్నా ఆపవు. ఆఫ్రికా దక్షిణాన ఉండే దీని దాయాదిలోనూ ఇదే కనిపించింది. సంతానం కోసమే అయితే ఇంత అవసరం లేదు. రోజూ జరిగే ఆ కలయిక జోడును నిలబెట్టే ముడి అయి ఉండొచ్చని వాళ్ల ఆలోచన. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆడది ముళ్లు వాల్చి, తోక ఎత్తితే తప్ప మగది దగ్గరికి కూడా రాలేదు. బలవంతానికి తావే లేని కాపురం అది. ఏ రోజుకారోజు ఒప్పుకోలు కావాలి.

మరి దీన్ని ప్రేమ అనొచ్చా? ఆ మాట వాడటానికి నేను తొందరపడను. పాలిచ్చే జంతువులు దాదాపు 2,500 జాతులను సరిపోల్చి 2013లో వచ్చిన ఒక అధ్యయనం, వాటిలో జోడు కట్టి బతికేవి నూటికి తొమ్మిది మాత్రమేనని లెక్క తేల్చింది. ఆడవి ఒకదానికొకటి దూరంగా విడివిడి హద్దుల్లో బతికే చోట, మగదానికి రెండింటిని కాసుకోవడం కుదరక, ఒకదాని దగ్గరే నిలబడటంతో ఈ పద్ధతి పుట్టిందని వాళ్ల వాదన. అంటే మొదలు అవసరం. ముడి ఎలా బిగుస్తుందన్నది వేరే కథ. అమెరికా గడ్డి మైదానాల్లో ప్రైరీ వోల్ అనే చిన్న ఎలుక ఉంది. అది కూడా జోడు కట్టేదే. దాని మెదడులో ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ అనే రసాయనాల వల్లే జోడు ముడిపడుతుందని దశాబ్దాలుగా చెప్పుకున్నారు. 2023లో ఆక్సిటోసిన్‌ను అందుకునే గ్రాహకం తాలూకు జన్యువునే తీసేసిన వోల్‌లు కూడా మామూలుగానే జోడు కట్టాయని తేలింది. ఒక్క రసాయనానికి ఒక్క పేరు పెట్టి ముగించే విషయం కాదిది.

జోడు వల్ల రోజులో ఏం మారుతుందో మాత్రం చూసి చెప్పొచ్చు. ఒంటరి ఏదు, జంట ఏదు ఒకే గడియారంతో బతికినా, జంటలో ఒకటి లేస్తే రెండోది లేస్తుంది. నిద్ర, చలికాలం వెచ్చదనం, పిల్లల కాపలా, అన్నీ ఇద్దరి మధ్య పంచుకున్నవే. పిల్లలు కళ్లు తెరుచుకుని పుడతాయి, పుట్టినప్పుడు మెత్తగా ఉన్న ముళ్లు కొన్ని గంటల్లోనే బిరుసెక్కుతాయి. తల్లి పాలిళ్లు కడుపు కింద కాక పక్కటెముకల వైపు ఉంటాయి. బోర్లా పడుకునే, ముళ్లు పైకి పెట్టుకునే, పిల్లకు పాలివ్వగలదు. తండ్రి కూడా డెన్‌లోనే పిల్లలకు ఒరిగి ఉంటుంది. పిల్లలు పాలు మానాక కూడా చాలా కాలం అమ్మానాన్నల దగ్గరే ఉంటాయి. జూకు ఇక్కడే ఒక కష్టం: ఇద్దరికి కట్టిన ఎన్‌క్లోజర్‌లో కొన్నాళ్లకు ఐదారు ఉంటాయి. ఎదిగినవాటిని వేళకు వేరు చేయకపోతే పెద్దవి వాటిమీద పడతాయి. ముళ్ల పోట్లంటే చిన్న గాయాలు కావు.

కొత్త జోడును కలపడం కూడా అంతే జాగ్రత్తగా జరగాలి. ముందు మధ్యలో జాలీ ఉంచి వాసన అలవాటు చేస్తారు. జాలీకి రెండు పక్కలా ఒకేచోట దగ్గరగా పడుకోవడం మొదలైతే తలుపు తెరిచే వేళ వచ్చినట్టు. తోక గలగల ఆగకపోతే ఇంకా ఆగాలి.

ఇదంతా కంటి అంచనాతో తేలదు, లెక్క కావాలి. 1974లో జీన్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త జంతువుల నడవడిని చూసి రాసుకునే పద్ధతుల మీద రాసిన వ్యాసం ఇప్పటికీ దారి చూపుతోంది. ఆమె చెప్పిన పద్ధతుల్లో ఒకటి చాలా తేలిక. ఐదు నిమిషాలకోసారి తలెత్తి, ఆ క్షణంలో ఏది ఏం చేస్తోందో ఒక్క ముక్కలో రాయడం. నిద్ర, నడక, తిండి, కొరుకుడు, తవ్వడం, గీకడం. జంట అయితే ఇంకో గడి: రెండింటి మధ్య దూరం. మనసుకు నచ్చిన వింత పని కనిపించినప్పుడు మాత్రమే రాస్తే, నిద్ర లెక్కలోకే రాదు. వారం రాస్తే మూడు పోగులూ విడివడతాయి. తిండి వేళ మార్చినప్పుడు మారినవి జూవి. మార్చినా మారనివి గడియారానివి. ఒకదాన్ని రెండు రోజులు వైద్యానికి తీసుకెళ్లినప్పుడు రెండోదానిలో మారినవి జోడువి. మన పాలమూరు, నల్గొండ బడుల నుంచి ఏటా పిల్లలను బస్సుల్లో జూకు తీసుకెళ్తారు. ఒక్క జంతువు దగ్గర ఒక్క గంట, చేతిలో గీతలు గీసిన కాగితంతో కూర్చోబెడితే సైన్సు పాఠం అక్కడే అయిపోతుంది.

చేను సంగతి కూడా ఇందులోనే ఉంది. దేవరకొండ, చందంపేట నుంచి కొల్లాపూర్ దాకా గుట్టల పక్కన పల్లి వేసే రైతుకు ఏదు నష్టం నిజమైన నష్టమే. దానికని కరెంటు తీగ పెడితే ఏదులతో పాటు మనుషులూ పోతున్నారు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఏదును చంపడం నేరం కూడా. జంటగా, ఒకే బొరియ నుంచి, అలవాటైన దారుల్లో తిరిగే జంతువు కాబట్టి, దాని దారి పట్టుకుని ఆ పక్క మాత్రమే జాలీ వేసి, జాలీ అడుగును నేలలోకి పూడ్చడం కుదురుతుంది. అది ఎగిరేది కాదు, తవ్వేది. జాలీ పైకి ఎంత ఉందో కాదు, కిందికి ఎంత దిగిందో చూసుకోవాలి.

ఆ రోజు సాయంత్రం నాయిన మళ్లీ అక్కడికే పోదామన్నాడు. మూసే వేళ దగ్గరపడింది, ఎండ చెట్ల పైకెక్కింది. కీపరన్న బకెట్టుతో వచ్చి "పెద్దాయనా, ఇప్పుడు సూడు" అన్నాడు. ముందు పెద్దది లేచింది. ముందు కాళ్లు చాచి ఒళ్లు విరుచుకుంది, ముళ్లన్నీ ఒక్కసారి లేచి మళ్లీ వాలాయి, ఎండు కట్టెలు రాసుకున్న చప్పుడుతో. నాలుగడుగులు వేసి ఆగి వెనక్కి చూసింది. రెండోది వచ్చి ముక్కు దాని చెంపకు ఆనించాకే రెండూ కదిలాయి. మొక్కజొన్న కంకి ముందరి కాళ్ల కింద తొక్కిపట్టి, గింజ గింజ ఒలుచుకుంటూ పక్కపక్కనే తిన్నాయి.

"ఆడిది ఏది, మొగది ఏది?" నాయిన అడిగాడు.

కీపరన్న చూపించేలోగా గార్డు విజిల్ ఊదాడు. మేము గేటు వైపు నడుస్తుంటే వెనకనుంచి మట్టి తవ్వుతున్న చప్పుడు వినిపించింది.